విజ్జీ కట్టిన జట్లు

మా కొయ్యూరు వైపు సంక్రాంతికి టెన్నిస్ బాల్ టోర్నమెంట్లు పెడతారు. చింతపల్లి నుంచి, కృష్ణదేవిపేట నుంచి, కింద నర్సీపట్నం నుంచి కూడా జట్లొస్తాయి. నేను ఇంటర్ రెండో ఏడు చదువుతున్నప్పుడు మా జట్టుకి చందాలుగా వచ్చింది తొమ్మిది వేల చిల్లర. ఎంట్రీ ఫీజు, ఒక కొత్త బ్యాటు, బంతుల డబ్బా పోగా ఆరు వేలు మిగిలింది. దాంతో బయటి ప్లేయర్లని తెచ్చుకోవాలి. బయటి ప్లేయరంటే ఏంటో ఊళ్ళో క్రికెట్ ఆడినవాళ్ళకి చెప్పక్కర్లేదు. టోర్నమెంట్‌కి ఇంత, పెట్రోలుకి ఇంత, భోజనం మనది.

నర్సీపట్నం ఫాస్ట్ బౌలర్ ఒకడు నాలుగు వేలు అడిగాడు. ఓపెనింగూ కీపింగూ రెండూ చేసే ఇంకొకడు రెండున్నర వేలు అడిగాడు. కలిపితే ఆరున్నర వేలు. మా దగ్గరున్నది ఆరు. రాత్రి రామాలయం అరుగు మీద కూచుని గంటన్నర లెక్కలేసి, బౌలర్ని మూడున్నరకి ఒప్పించి, ఇద్దర్నీ ఖాయం చేశారు. అసలు చిక్కు అప్పుడొచ్చింది. ఇద్దరు బయటివాళ్ళొస్తే మనవాళ్ళలో ఇద్దరు కూచోవాలి. ఒకడిని నేను. అందులో బాధేం లేదు, నా ఆట అలాంటిది. రెండోవాడు మా కెప్టెన్. నాకు బాబాయి వరస. ఇల్లిల్లూ తిరిగి చందాలు వసూలు చేసిందే ఆయన. జాబితాలో తన పేరు తనే కొట్టేసుకుని, టోర్నమెంటంతా స్కోరు బుక్కు రాస్తూ కూచున్నాడు. సెమీస్‌లో ఓడిపోయాం, అది వేరే సంగతి.

ఈ కథ ఎందుకు చెప్తున్నానంటే, ఈ నెల నేను రాయబోయే మనిషి కూడా డబ్బిచ్చి ఆటగాళ్ళని తెచ్చుకున్నవాడే. మన పక్కనున్న విజయనగరం వాడు. ఆయన దగ్గర ఆరు వేలు కాదు, లక్షలుండేవి. లండన్ నుంచి ప్రపంచంలోనే గొప్ప బ్యాట్స్‌మెన్‌ని ఓడెక్కించి తెచ్చాడు. కానీ జాబితాలో తన పేరు కొట్టేసుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆయన చెయ్యి ఆగిపోయేది. ఒకటి రెండు సార్లు తప్ప.

ఆయన పేరు పూసపాటి విజయానంద గజపతిరాజు. క్రికెట్ చరిత్రలో మహారాజకుమార్ ఆఫ్ విజయనగరం అంటారు. ఇంగ్లీషు పత్రికలకి అంత పొడుగు పేరు రాయడం కష్టమై విజ్జీ అని కుదించేశాయి. క్విజ్ పోటీల్లో ఈ పేరు విన్నవాళ్ళుంటారు. భారత టెస్ట్ కెప్టెన్లలో అందరికన్నా బలహీనమైన ఆటగాడు ఎవరంటే చప్పున వచ్చే జవాబు అది. జవాబు తప్పని నేననను. అయితే అంతటితో ఆపేస్తే మనిషిలో సగం పోతాడు.

1905 డిసెంబరు 28న పుట్టాడు. విజయనగరం పూసపాటివారి ఇంట్లో రెండో కొడుకు. రెండో కొడుకంటే గద్దె రాదు. డబ్బుంటుంది, బిరుదుంటుంది, పని మాత్రం ఉండదు. అజ్మీర్‌లో రాజకుమారుల కోసం పెట్టిన మేయో కాలేజీలో చదివాడు. తర్వాత ఇంగ్లండులో హెయిలీబరీ స్కూలుకి వెళ్ళాడు. అక్కడ క్రికెట్టూ టెన్నిసూ పట్టుకున్నాయి. వేట అంతకుముందు నుంచే ఉంది.

మా ఊరివాడిగా ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. 1924 మే 7న కొయ్యూరులో అల్లూరి సీతారామరాజుని తెల్లదొరలు కాల్చి చంపారు. అప్పటికి ఆయనకి ముప్ఫై కూడా నిండలేదు. పట్టిస్తే పదివేల రూపాయల బహుమానమని అంతకుముందే ప్రకటించారు. అదే వేసవిలో విజ్జీకి పద్దెనిమిదేళ్ళు. ఇద్దరూ అప్పటి ఒకే విశాఖపట్నం జిల్లా మనుషులు, ఇద్దరి పేరు చివరా రాజే. ఒకరిని వెతకడానికి సర్కారు మా కొండల్లో పటాలాల్ని దింపితే, ఇంకొకరు ఆ సర్కారు పెద్దల పక్కన కుర్చీ కోసం జీవితంలో సగం ఖర్చుపెట్టాడు. పోలిక సరైందో కాదో నాకు తెలీదు. కొయ్యూరులో పుట్టినవాడికి రాకుండా ఉండదు.

విజ్జీ చదువయ్యాక విజయనగరంలో ఉండలేదు. కాశీలో కుటుంబానికి ఎస్టేటు ఉంది. అక్కడే స్థిరపడ్డాడు. 1926లో ప్యాలెస్ ఆవరణలోనే గ్రౌండు కట్టించి, సొంత జట్టు కట్టడం మొదలుపెట్టాడు.

ఆ రోజుల్లో ఆటగాళ్ళని ఎలా తెచ్చుకునేవారో తెలిస్తే గాని విజ్జీ చేసిన పని అర్థం కాదు. వేలం లేదు, కాంట్రాక్టు కాగితం లేదు, లీగు లేదు. సంస్థానాలే ఫ్రాంచైజీలు. బాగా ఆడే కుర్రాడు కనబడితే రాజావారు కబురు పెడతారు. వచ్చినవాడికి ఏడీసీ అనో, సైన్యంలో కెప్టెన్ అనో ఒక ఉద్యోగం ఇస్తారు. జీతం ఆ ఉద్యోగానిది, చేసేది క్రికెట్. దీనికి పెద్ద ఉదాహరణ మన సి.కె. నాయుడే. పూర్తి పేరు కొఠారి కనకయ్య నాయుడు, నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం. 1923లో ఇండోర్ హోల్కర్ మహారాజు పిలిచి తన సైన్యంలో చేర్చుకున్నాడు. మనం ఇవాళ కర్నల్ సి.కె. అంటున్నది ఆ ఉద్యోగం పేరే. పటియాలా మహారాజు భూపీందర్ సింగైతే ఇంగ్లండు నుంచి, ఆస్ట్రేలియా నుంచి కోచ్‌లనే దింపేవాడు. అలాంటి వాళ్ళ మధ్య పోటీకి దిగాడు విజ్జీ. గద్దె లేని రెండో కొడుక్కి క్రికెట్ ఒక్కటే మహారాజుల పక్కన సమానంగా కూచోబెట్టే వస్తువు.

1930లో అవకాశం దొరికింది. ఉప్పు సత్యాగ్రహంతో దేశం అట్టుడుకుతుంటే, ఎంసీసీ ఆ చలికాలం భారత పర్యటన రద్దు చేసుకుంది. ఖాళీ ఏర్పడింది. విజ్జీ ఆ ఖాళీలో తన జట్టునే దింపి దేశమంతా, సిలోనూ తిప్పుతానన్నాడు. జట్టు అంటే మామూలు జట్టు కాదు. జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్. ఇంగ్లండు ఓపెనింగ్ జోడీ మొత్తాన్ని తెచ్చాడు. ఇవాళ్టి లెక్కలో చెప్పాలంటే, పక్క దేశం టాప్ ఆర్డర్ని పెళ్ళి బరాత్‌లా తీసుకొచ్చి ఊరూరా తిప్పడం. హాబ్స్‌కి అప్పుడు నలభై ఎనిమిదేళ్ళు నిండబోతున్నాయి. ఆ ఆగస్టులోనే ఆఖరి టెస్టు ఆడేశాడు. భారతదేశం రమ్మని అంతకుముందు ఎన్నోసార్లు అడిగినా రానన్నవాడు. విజ్జీ ఎంతిచ్చాడో గాని వచ్చాడు.

ఆ జట్టులోనే ఇండోర్ కుర్రాడు ముష్తాక్ అలీ ఉన్నాడు. పదహారేళ్ళు. విజ్జీ ఆ గుంటణ్ణి కాశీ పిలిపించుకుని ఉంచుకున్నాడు. హాబ్స్, సట్‌క్లిఫ్ నెట్స్‌లో ఆడుతుంటే పక్కన నిలబడి చూసే అదృష్టం అప్పట్లో ఏ భారతీయ కుర్రాడికి ఉంది? విజ్జీ పద్దులో రాయాల్సిన మంచి ఇది. కళ్ళు బాగుండేవి ఆయనకి. ఎవడు ఆడగలడో ముందే కనిపెట్టేవాడు. అద్దంలో మాత్రం అదే చూపు పనిచేసేది కాదు.

ఇక్కడ చిన్న పక్కదారి. అమెరికా బేస్‌బాల్‌లో డ్రాఫ్ట్ అని ఒకటుంది. స్కూళ్ళలో కాలేజీల్లో ఆడే కుర్రాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. ఎంచుకున్నవాడికి సంతకం పెట్టించడానికి బోనస్ ఇవ్వాలి. 2012 నుంచి దీనికి హద్దు పెట్టారు. మొదటి పది రౌండ్లకీ కలిపి ఒక్కో జట్టుకి ఇంత మొత్తమని కేటాయిస్తారు. దాటితే పన్ను. అయిదు శాతం మించి దాటితే వచ్చే ఏడాది మొదటి రౌండు ఎంపికే పోతుంది. అందుకని ఒక కుర్రాడికి కాస్త తగ్గించి ఒప్పించి, మిగిలింది ఇంకొకడికి కలుపుతారు. అచ్చం మా రామాలయం అరుగు మీద జరిగిందే. మన ఐపీఎల్ కూడా అంతే. 2008 మొదటి వేలంలో ఒక్కో జట్టుకి 50 లక్షల డాలర్లు. ఐకాన్ ఆటగాడుంటే, ఆ జట్టు ఎక్కువ పెట్టి కొన్నవాడికన్నా 15 శాతం అదనంగా అతనికివ్వాలి. వి.వి.ఎస్. లక్ష్మణ్ ఆ ఐకాన్ హోదా వద్దన్నాడు. ఆ డబ్బు మిగిలితే డెక్కన్ ఛార్జర్స్ వేలంలో వేరేవాళ్ళని కొనుక్కోవచ్చని. ఆ ఏడు జట్టు ఆఖరి స్థానంలో వచ్చిందనుకోండి. అయినా కెప్టెన్ తన జేబులోంచి తీసి జట్టు సంచిలో వేశాడన్న మాట మిగిలింది.

విజ్జీకి ఈ హద్దు లేదు. సంచి ఆయనదే, జట్టు ఆయనదే, కెప్టెనూ ఆయనే. ఎవర్ని ఉంచాలి, ఎవర్ని తీసెయ్యాలి అనే ప్రశ్నే ఆయన ఇంట్లో పుట్టలేదు. కానీ భారత జట్టు ఆయన ఇల్లు కాదు కదా. అక్కడే మొదలైంది గొడవంతా.

1932లో భారత జట్టు మొదటిసారి టెస్టు ఆడ్డానికి ఇంగ్లండు వెళ్ళాలి. బోర్డు దగ్గర డబ్బు లేదు. విజ్జీ యాభై వేల రూపాయలిచ్చాడు. (మా కొండల్లో సీతారామరాజు తల మీద పెట్టిన వెలకి అయిదు రెట్లు. నా బుర్ర ఇలాగే పనిచేస్తుంది, ఏం చెయ్యను.) అంతిచ్చినవాడికి ఏదో ఒక పదవి ఇవ్వాలి. పోరుబందరు మహారాజుని కెప్టెన్ని చేశారు, లింబ్డీ ఘనశ్యామ్‌సింగ్‌జీని వైస్ కెప్టెన్ని చేశారు. విజ్జీ కోసం డిప్యూటీ వైస్ కెప్టెన్ అని కొత్త పదవి పుట్టించారు. ఇంత పొడుగు పదవి మన క్లబ్బులో కూడా లేదు. విజ్జీ కొన్నాళ్ళు ఆలోచించి, ఆరోగ్యమూ ఆటా రెండూ బాగాలేవని చెప్పి తప్పుకున్నాడు. మూడో కుర్చీ నచ్చక తప్పుకున్నాడని చాలామంది అంటారు. అయ్యుండొచ్చు. ఏదైతేనేం, పేరు కొట్టేసుకున్న మొదటిసారి అది. జూన్ 25న లార్డ్స్‌లో టెస్టు మొదలయ్యే వేళకి ఆ ఇద్దరు దొరలు కూడా పక్కకి తప్పుకుంటే, భారతదేశపు మొట్టమొదటి టెస్ట్ కెప్టెన్‌గా బరిలోకి నడిచింది మన సి.కె. నాయుడు.

అక్కణ్ణుంచి విజ్జీ కంట్లో నలుసు సి.కె.యే. అది నా ఊహ మాత్రమే కాదు, తర్వాత జరిగినవన్నీ అటే చూపిస్తాయి. దేశంలో ఎక్కడ ఆడినా జనం సి.కె. కోసం వచ్చేవాళ్ళు. 1926లో ఎంసీసీ మీద బొంబాయిలో పదకొండు సిక్సర్లు కొట్టి 153 చేసినప్పట్నుంచీ అంతే. డబ్బు పెట్టి జనాన్ని తేవొచ్చు, కానీ వాళ్ళు ఎవర్ని చూడాలో మనం చెప్పలేం.

1933-34లో డగ్లస్ జార్డిన్ ఎంసీసీ జట్టుని భారత్ తీసుకొచ్చాడు. బాడీలైన్ జార్డినే. ఆ జట్టు దేశమంతా తిరిగి ఒక్క మ్యాచే ఓడిపోయింది. టెస్టుల్లో కాదు. కాశీలో, విజ్జీ జట్టు చేతిలో, 14 పరుగుల తేడాతో. విజ్జీని వెక్కిరించేవాళ్ళు ఎందుకో ఈ మ్యాచ్ గురించి చెప్పరు. ఆటగాళ్ళని పోగెయ్యడం ఒక విద్య అయితే అందులో ఆయన్ని మించినవాడు ఆ రోజుల్లో లేడు. అక్కడితో ఆగి ఉంటే ఇవాళ ఆయన్ని మన దేశపు మొదటి గొప్ప టీమ్ మేనేజర్ అని రాసుకునేవాళ్ళం.

ఆగలేదు. వైస్రాయ్ లార్డ్ విల్లింగ్డన్ చుట్టూ తిరగడం ఎక్కువైంది. ఢిల్లీ ఫిరోజ్‌షా కోట్లాలో ఆయన పేరున పెవిలియన్ కట్టించి ఇచ్చాడు. జాతీయ ఛాంపియన్‌షిప్ పెడుతున్నప్పుడు పటియాలా రంజిత్‌సింగ్‌జీ పేరు మీద కప్పు ఇస్తానంటే, విజ్జీ విల్లింగ్డన్ పేరు మీద కప్పు ఇస్తానని పోటీకి వచ్చాడు. చివరికి రంజీ పేరే నిలిచింది, మన అదృష్టం. విల్లింగ్డన్ ట్రోఫీలో ఆంధ్రా ఓడిందని పేపర్లో చదువుకోవాల్సిన గతి తప్పింది.

1936 ఇంగ్లండు పర్యటనకి ముందు పటౌడీ నవాబుని కెప్టెన్ అనుకున్నారు. ఆయన ఆరోగ్యం బాగాలేదని తప్పుకున్నాడు. బోర్డులో ఓటింగు జరిగింది. విజ్జీ గెలిచాడు. జట్టులో సి.కె. ఉన్నాడు, అమర్ సింగ్ ఉన్నాడు, మహమ్మద్ నిసార్, విజయ్ మర్చంట్, లాలా అమర్‌నాథ్, ముష్తాక్ అలీ ఉన్నారు. ఆ కాలానికి ఇంతకన్నా మంచి భారత జట్టు కట్టలేం. విజ్జీ ముప్ఫై ఆరు పెట్టెలూ ఇద్దరు నౌకర్లతో ఓడెక్కాడని రాస్తారు.

ఇంగ్లండులో జరిగింది ఒక్కొక్కటీ చదువుతుంటే మనకే సిగ్గేస్తుంది. జట్టు రెండు ముక్కలైంది. విజ్జీ వైపువాళ్ళు, సి.కె. వైపువాళ్ళు. కెప్టెన్ దగ్గర మంచిగా ఉన్నవాళ్ళకి కానుకలు, షికార్లు. కౌంటీ కెప్టెన్లకి కూడా విజ్జీ బంగారు గడియారాలిచ్చి తనకి తేలిక బంతులు వేయించుకునేవాడని ఒక కథ ఇప్పటికీ తిరుగుతోంది. ఎంత నిజమో గాని, అన్నీ కలిపితే ఆ పర్యటన ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌ల్లో ఆయన సగటు 16 దాటి కాస్తే. గడియారాలు ఇచ్చినా అంతే వచ్చాయంటే, ఇవ్వకపోతే ఏమయ్యేదో.

అమర్‌నాథ్ సంగతి అన్నిటికన్నా ఘోరం. ఆయనకి ఇరవై నాలుగేళ్ళు. మూడేళ్ళ క్రితం బొంబాయిలో భారతదేశపు మొదటి టెస్ట్ సెంచరీ కొట్టినవాడు. పర్యటనలో అందరికన్నా బాగా ఆడుతున్నాడు. లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్ మీద మ్యాచ్. ప్యాడ్లు కట్టుకు కూచోమన్నారు. కూచున్నాడు. వికెట్ పడింది, వేరేవాణ్ణి పంపారు. ఇంకో వికెట్ పడింది, ఇంకొకణ్ణి పంపారు. రోజు ముగియడానికి కాసేపే ఉందనగా ఈయన్ని పంపారు. తిరిగొచ్చి డ్రెస్సింగ్ రూములో ప్యాడ్లు విసిరికొట్టి పంజాబీలో నాలుగు తిట్లు తిట్టాడు. విజ్జీకి అవి అర్థం కాకపోయినా స్వరం అర్థమయ్యుంటుంది. మేనేజర్ మేజర్ బ్రిటన్-జోన్స్, విజ్జీ కలిసి, క్రమశిక్షణ పేరు చెప్పి, మొదటి టెస్టు కూడా మొదలవ్వకముందే అమర్‌నాథ్‌ని ఓడెక్కించి ఇంటికి పంపేశారు. సీనియర్లు బతిమాలినా వినలేదు.

ఆలోచించి చూడండి. పదకొండు స్థానాలు. అందులో ఒకటి విజ్జీది, అది కదలదు. ఉన్నవాళ్ళలో పైకి వచ్చినవాణ్ణే ఓడెక్కించేశారు. బేస్‌బాల్ వాళ్ళు డబ్బుకి హద్దు పెట్టారు. స్థానాలకి హద్దు ఆటలోనే ఉంది. దాన్ని దాటించడానికి ఎంత పెద్ద ఎస్టేటూ చాలదు.

రెండో టెస్టు ఓల్డ్ ట్రాఫర్డ్‌లో. జూలై 27న ఒక్క రోజులో 588 పరుగులు. టెస్టు క్రికెట్లో ఒక్క రోజులో అంతకన్నా ఎక్కువ పరుగులు ఎప్పుడూ రాలేదు, ఇవాళ్టికీ. అందులో 398 ఇంగ్లండువి. మిగిలిన 190 భారత్‌వి, ఒక్క వికెట్ కూడా పోకుండా. ఆడుతున్నది మర్చంట్, ముష్తాక్ అలీ. మర్చంట్ సి.కె. వైపు మనిషని విజ్జీ లెక్క. ముష్తాక్ తన మనిషి, కాశీలో తను పెంచిన కుర్రాడు. వీలు చూసి మర్చంట్‌ని రనౌట్ చేసెయ్యమని విజ్జీ ముష్తాక్‌కి చెప్పి పంపాడని, దానికి బంగారు గడియారం ఆశ పెట్టాడని అంటారు. ముష్తాక్ క్రీజులోకి వెళ్ళి ఆ మాట మర్చంట్‌కే చెప్పేశాడట. ఇద్దరూ నవ్వుకుని ఆడటం కొనసాగించారట. రికార్డులో ఉన్నది ఇది: ఓపెనింగ్ భాగస్వామ్యం 203. ముష్తాక్ 112, విదేశీ గడ్డ మీద భారతీయుడి మొదటి టెస్ట్ సెంచరీ. మర్చంట్ 114. టెస్టు డ్రా అయింది.

నాకు ఈ మొత్తం కథలో అందరికన్నా నచ్చింది ముష్తాక్. అన్నం పెట్టినవాడు, హాబ్స్ పక్కన నిలబెట్టినవాడు ఒక పని చెప్పాడు. ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు. చెయ్యనంటే ఏమవుతుందో అమర్‌నాథ్ ఓడ చూపించేసింది. అయినా పరిగెత్తాల్సిన పరుగులు సరిగ్గా పరిగెత్తాడు.

మూడో టెస్టు ఓవల్‌లో. బాకా జిలానీ అనే బౌలర్‌కి అక్కడ మొదటి టెస్టు దొరికింది, చివరిదీ అదే. టిఫిను బల్ల దగ్గర అందరి ముందూ సి.కె.ని అవమానించినందుకు అది బహుమతి అని తోటి ఆటగాళ్ళు తర్వాత చెప్పుకున్నారు. ఆ టెస్టులోనే సి.కె. బంతి దెబ్బ తిని కూడా నిలబడి 81 కొట్టాడు. అప్పటికి నలభయ్యేళ్ళు దాటాయి. మొదటి, మూడో టెస్టులు రెండూ తొమ్మిది వికెట్ల తేడాతో పోయాయి. కెప్టెన్ మూడు టెస్టుల్లో, ఆరు ఇన్నింగ్సుల్లో చేసింది మొత్తం 33 పరుగులు. రెండుసార్లు నాటౌట్ గనక సగటు 8.25కి లేచింది.

ఇంకో విచిత్రం. ఆ పర్యటన జరుగుతుండగానే విజ్జీకి సర్ బిరుదు ఇచ్చారు.  ఆటకి ఇచ్చింది కాదని వేరే చెప్పక్కర్లేదు. 1947లో దేశం చేతికొస్తున్నప్పుడు ఆ బిరుదు వదిలేశాడు.

ఇంటికొచ్చాక విచారణ సంఘం వేశారు. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బ్యూమాంట్ అధ్యక్షుడు. 1937 జనవరిలో నివేదిక వచ్చింది. అమర్‌నాథ్ మీద వేసిన నింద తీసేసింది. విజ్జీ కెప్టెన్సీ ఘోరంగా ఉందని తేల్చింది. ముప్ఫై ఒక్కేళ్ళకే ఆయన క్రికెట్ జీవితం ముగిసింది. చాలా ఏళ్ళు ఎవరికీ కనబడలేదు.

మామూలుగా విజ్జీ కథ ఇక్కడితో ముగించేస్తారు, విలన్ శిక్ష అనుభవించినట్టు. నాకు మాత్రం తర్వాత భాగమే ఇష్టం. స్వాతంత్ర్యం వచ్చాక ఆయన మళ్ళీ మెల్లగా వచ్చాడు. ఈసారి ఆటగాడిగా కాదు. ఉత్తరప్రదేశ్ క్రికెట్ సంఘం పెద్దగా వచ్చి, 1954 నుంచి 1957 వరకు భారత క్రికెట్ బోర్డు అధ్యక్షుడయ్యాడు. ఆ కాలంలోనే, 1954-55లో, మొదటి పాకిస్థాన్ పర్యటనకి మేనేజరుగా వెళ్ళింది ఎవరో తెలుసా? లాలా అమర్‌నాథ్. ఓడెక్కించి పంపిన మనిషి అధ్యక్షుడు, పంపబడిన మనిషి మేనేజరు. ఇద్దరూ ఎదురుపడినప్పుడు మొహాలు ఎలా పెట్టుకున్నారో చూడాలని ఉంటుంది నాకు.

1956-57లో ఇంకా పెద్దది జరిగింది. రంజీలో ఉత్తరప్రదేశ్‌కి సరైన కెప్టెన్ కావాలి. విజ్జీ కబురు పెట్టింది సి.కె. నాయుడికి. ఆయనకి అరవై ఒకటి. మనం ఆ వయసు మనిషికి బస్సులో సీటిస్తాం. సి.కె. వచ్చాడు, బ్యాటు పట్టుకుని. రాజస్థాన్ మీద 84 కొట్టాడు. అవతల బౌలర్లలో వినూ మన్కడ్ కూడా ఉన్నాడు. ఇరవై ఏళ్ళు ఏ మనిషి పొడ గిట్టలేదో ఆ మనిషినే పిలిచి కెప్టెన్సీ చేతిలో పెట్టి, తను బౌండరీ బయట కుర్చీలో కూచున్నాడు విజ్జీ. పశ్చాత్తాపమా, వయసు తెచ్చిన బుద్ధా, లేక జట్టు కట్టే పాత కన్ను మళ్ళీ తెరుచుకుందా? ఆయన ఎక్కడా చెప్పలేదు. మా బాబాయి కూడా చెప్పలేదు స్కోరు బుక్కు రాస్తూ.

1958లో పద్మభూషణ్ వచ్చింది. విశాఖపట్నం నుంచి లోక్‌సభకి వెళ్ళాడు. అంటే మన జిల్లాకి మళ్ళీ వచ్చాడన్న మాట, ఓట్ల కోసమైనా. రేడియోలో కామెంటరీ చెప్పేవాడు. ఆయన కామెంటరీ మీద ఒక జోకు ఉంది. మూడొందల పైచిలుకు పులుల్ని కొట్టానని విజ్జీ గొప్పలు పోతుంటే, తుపాకీతో కాదేమో, పక్కన ట్రాన్సిస్టర్‌లో మీ కామెంటరీ పెట్టి చంపారేమో అని వెస్టిండీస్ ఆటగాడొకడు అన్నాడట. విజ్జీ గురించిన కథల్లో సగం ఇలాగే ఉంటాయి. గెలిచినవాళ్ళకి రికార్డులు మిగులుతాయి, విజ్జీకి జోకులు మిగిలాయి.

1965 డిసెంబరు 2న కాశీలో పోయాడు. అరవై నిండటానికి నెల కూడా లేదు. ఆయన పేరు మీద విశ్వవిద్యాలయాల జోన్ల మధ్య విజ్జీ ట్రోఫీ పెట్టారు. మన యూనివర్సిటీ జట్టులో ఆడి, సౌత్ జోన్‌కి ఎంపికైతే ఆడాల్సింది అందులోనే. మన బ్రాంచి క్రికెటర్లలో ఎంతమందికి ఆ పేరు ఎవరిదో తెలుసో అడిగి చూశాను. ఒకడు విజయవాడకి ముద్దుపేరనుకున్నాడు.

చివరగా స్టాటిస్టిక్స్ పిచ్చి ఉన్నవాళ్ళ కోసం ఒకటి. జాక్ హాబ్స్ ఫస్ట్ క్లాస్ సెంచరీలు ఎన్ని? కొన్ని పుస్తకాల్లో 197 అని, కొన్నిట్లో 199 అని ఉంటుంది. తేడా ఉన్న ఆ రెండూ 1930-31లో విజ్జీ జట్టుకి ఆడుతూ కొట్టినవి. అవి ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లు అవునా కాదా అన్నది ఇంకా తేలలేదు. హాబ్స్ మాత్రం తన లెక్కలో ఆ రెంటినీ కలుపుకోలేదు.